తానాపేక

2021 జూన్ 14, సోమవారం. పాండేసర, సూరత్.

సదానందం కరోనాతో పోయి ఈరోజుకు నలభై రోజులు. మగ్గం డిజైన్ల కోసం అతను పైథాన్‌లో రాసిన ప్రోగ్రామ్ ఇంకా నెట్‌లోనే ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. లైసెన్సులో షరతు ఒక్కటే: దాన్ని మార్చి ఇంకొకరికి ఇస్తే, మనం రాసిన కోడ్ కూడా ఇచ్చేయాలి.

దాన్ని మార్చి అమ్ముదామనుకున్న మా రాజన్న సేటుకు అదే నచ్చలేదు. "మన కోడ్ మందికెందుకియ్యాలె? పైథాన్ ఇడిసిపెట్టు. వేరే భాషల కొత్తగ రాయి. గప్పుడు వాని షరతు మనకేంది?" అన్నాడు.

జావా ఎంచుకున్నాను. సదానందం ఫైలు ఒక్కసారి కూడా తెరవకుండా మూడు వారాలు రాశాను. నాకు కోడింగ్ నేర్పింది అతనే, వడోద్‌లో వాళ్ళింట్లో కూర్చోబెట్టి. "నాకు ఎవలో ఇచ్చిండ్రు, నేను నీకిస్తున్న. నువ్వు దాసుకోకురా" అనేవాడు.

ఈ సాయంత్రం నేను రాసిందంతా చదువుకుంటూ ఒక ఫంక్షన్ పేరు దగ్గర ఆగిపోయాను. తానాపేక.

తెలుగులో పడుగూ పేకా అంటారు, హిందీలో తానా బానా. రెండింటినీ కలిపి తానాపేక అనేవాడు సూరత్ మొత్తంలో అతనొక్కడే. ఆ మాటకు ఎన్నిసార్లు నవ్వానో.

నేను చూసి రాయలేదు. వేళ్ళే రాసేశాయి.

పేరైతే చెరిపేశాను. దాని కింది లైన్లు కూడా అతనివేనేమోనని, చదవాలంటే భయమేస్తోంది.