అమెరికా మిషనూ, పటమట రేవూ

12 ఫిబ్రవరి 1975, విభూతి బుధవారం

ఉదయం 8.00. నుదుటి మీద విభూతి, నట్టింట్లో శవం. శవం అంటే బట్టలుతికే మిషను. స్వదేశం వెళ్లిపోతున్న అమెరికా డాక్టరమ్మ సామాను వేలం వేస్తే మొన్న కొన్నాను. ప్లగ్గు పెట్టగానే గిర్రున తిరిగింది. ఆహా, అమెరికా వేగం! ఒక్క నిమిషం. తర్వాత పొగ.

కొన్న సంబరంలో నోరు ఊరుకోలేదు. మా చాకలి వెంకటరత్నమ్మతో వీధిలో అందరి ముందూ అనేశాను: “ఇక నువ్వూ, నీ గాడిదా రిటైరు!” ఆవిడ మూట గుమ్మంలో దించి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

మా ఆవిడ శౌరమ్మ తీర్పు: “పాస్కా పండగ లోపు అది తిరగాలి. లేదంటే మీరే రేవుకెళ్లి, పదిమంది ముందు, ‘తప్పయింది, రావమ్మా’ అనాలి. అందాకా ఉతుకుడు మీదే.”

పాస్కాకు, అంటే ఈస్టరుకు, ముందు నలభై రోజుల తపస్సు కాలంలో మావాళ్లందరూ మాంసం మానేస్తారు. నేను వెంకటరత్నమ్మను మానేశాను.

నియమం: రిపేరు పాతిక రూపాయల లోపు. అప్పటిదాకా సొంత ఉతుకుడు. రేవు మొహం చూసేది లేదు!

14 ఫిబ్రవరి

6.00. ఉతికాను! పదకొండు బట్టలు. ఇదేం బ్రహ్మవిద్య? పొట్ట కూడా తగ్గుతుంది.

6.40. నడుం పట్టేసింది. వ్యాయామం పనిచేస్తోందన్నమాట.

16 ఫిబ్రవరి, ఆదివారం

పూజ కాగానే రేడియో మెకానిక్కు సొలొమోనును చర్చి మెట్ల మీద పట్టుకున్నాను. కొరమీను పులుసు ఆశ చూపించి ఇంటికి తెచ్చాను. వెనక రేకు విప్పి ముక్కు మూసుకున్నాడు.

“మోటారు వైండింగు మాడిపోయింది బాబాయ్. ఇది నూటపది ఓల్టుల సరుకు. మన కరెంటు దానికి డబుల్. దీంతోపాటు ఓల్టులు తగ్గించే నల్లటి ఇనప పెట్టె ఒకటి ఇచ్చుండాలే?”

“ఇవ్వబోయారు. పది రూపాయలు ఎక్కువడిగారు. ఇనప ముద్ద అంటగట్టి మోసం చేస్తున్నారని వదిలేశా.”

“వాళ్లు చెయ్యలేదు బాబాయ్. నిన్ను నువ్వే చేసుకున్నావ్.”

వైండింగుకి ఎనభై, పెట్టెకి వంద అట. నేనడిగింది రిపేరా, మేడ కట్టడమా? పులుసు మాత్రం రెండుసార్లు వేయించుకున్నాడు.

24 ఫిబ్రవరి

ఆటోనగర్ నుంచి లారీల మేస్త్రిని తెచ్చాను. “ఇరవైకి తిప్పుతానండీ. తిరిగేది ఏదైనా మనకొకటే” అన్నాడు. ఇలాంటి మనిషి కావాలి! ఎక్కడిదో పాత మోటారు తగిలించి, లారీ బెల్టు వేశాడు.

11.10. తిరిగింది!

11.11. నడిచింది. నట్టింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి పెరట్లోకి. వెనకాల మేము. నా బనియను మింగేసి, దొడ్డి తలుపు గుద్ది ఆగింది. శౌరమ్మ జపమాల తీసింది.

“ఏం మేస్త్రీ, ఇదా రిపేరు?”

“తిప్పుతానన్నానండీ. ఉతుకుతానన్లేదు.”

అయినా ఓ అడుగు ముందుకు పడ్డట్టే. నిజానికి ఇరవై అడుగులు.

3 మార్చి

నియమానికి సవరణలు: చొక్కా మూడు రోజులు. తిరగేసి మరో రెండు. లుంగీ బట్టల్లోకి రాదు. తువ్వాలు దానంతటదే శుభ్రపడుతుంది.

శౌరమ్మ ఎర్ర చీర నా తెల్ల చొక్కాలతో కలిపి నానబెట్టాను. అన్నీ గులాబీ! లారీ ఆఫీసులో మా మేనేజరు పగలబడి నవ్వాడు. “ఏంటయ్యా అంతోనీ, ఈ వయసులో ఈ రంగు?”

“మేడమ్ గారు నాకు బావుంటుందన్నారండీ.”

“ఏ మేడమ్?”

“మీ ఇంట్లో మేడమ్ గారే.”

మధ్యాహ్నం నుంచి ఆయన నవ్వలేదు.

18 మార్చి

వేళ్ల సందులు పగిలాయి. కూర కలిపితే మంట. చెంచాతో తింటున్నాను. మిషను తిరగలేదు గానీ దొరతనం అబ్బింది.

ఆలోచన! వెంకటరత్నమ్మను పిలవనన్నాను గానీ, ఇంకొకరికి వేయనన్నానా? శౌరమ్మ చర్చిలో ఉండగా పండగ బట్టలన్నీ, ఆవిడ తెల్ల చీరతో సహా, మూటకట్టి సిటీ బస్సెక్కాను. పటమట సంగతి వన్ టౌన్‌లో ఎవరికి తెలుసు? అక్కడి చాకలాయనకు పేరు కూడా మార్చి చెప్పాను: వెంకటప్పయ్య, బందరు. ఆయన ఓ చొక్కా కాలరు తిప్పి చూసి, చిన్నగా నవ్వి, “అలాగే వెంకటప్పయ్య గారూ, ఎల్లుండి రండి” అన్నాడు.

నా బుర్రకి నేనే దండం పెట్టుకోవాలి.

20 మార్చి

వెళ్లాను. మూట లేదు!

“కాలరు లోపల నల్లజీడి రసంతో మూడు చుక్కలున్నాయి కదండీ. పటమటలో మా మేనత్త కూతురు తన ఇళ్లకి పెట్టే గుర్తది. ఒకరి ఇంటి గుడ్డ ఇంకొకరం ఉతకం, మా కట్టుబాటు. చేరాల్సిన చోటికి చేర్చేశాను. మీ పేరు కూడా తనే చెప్పింది అంతోని గారూ.”

ఇరవై ఏళ్లుగా ఆ చుక్కల్ని మెడ మీద మోస్తున్నాను. ఒక్కసారి తిప్పి చూసిన పాపాన పోలేదు.

పండగ బట్టలన్నీ వెంకటరత్నమ్మ ఇంట్లో! శౌరమ్మకు తెలియదు. పది రోజులే.

29 మార్చి, శనివారం

శౌరమ్మకు తెలిసింది.

7.30. బందరు కాలువ రేవు. నన్ను చూసి ఏడు బండల మీద ఉతుకుడు ఆగింది.

“ఏందయ్యగారూ, ఇట్టా వచ్చారు?” అంది వెంకటరత్నమ్మ.

“కాలవలో నీళ్లెలా ఉన్నాయో చూద్దామని.”

“చూశారుగా. ఎల్లి రండి.”

నిలబడ్డాను. “తప్పయింది. రావమ్మా.”

“ఇనపళ్లా. ఈ నీళ్ల మోతలో ఏమినపడుద్ది?”

అరిచాను. అవతలి గట్టుకి కూడా వినపడింది. ఏడు బండలూ నవ్వాయి.

మూట తెచ్చి నా చేతుల్లో పెట్టింది. “మీరుతికినయ్యి మళ్లీ ఉతకటానికి రెండు దినాలు పట్టింది. ఒకటి మీ మురిక్కి, ఒకటి మీరు జాడించని సబ్బుకి. సోమారం నించి వస్తా. అమ్మగారి కోసం.” నా వేళ్ల వైపు చూసింది. “ఏంది, చేతులు పగిలినయ్యా?”

తన చేతులు చాపింది. వేళ్ల మధ్య చర్మం లేదు, పగిలిన గీతలే ఉన్నాయి. నా చేతులు మూట కిందికి దాచుకున్నాను.

“ఆ మిషను నిజంగా చేయించండయ్యా. చెడిపోయిందని నేను సంబరపడ్డా అనుకుంటన్నారేమో. బాగైతే కబురెట్టండి. చలికాలం దుప్పట్లన్నా దాన్లో ఏసుకుంటా.”

30 మార్చి, పాస్కా

పూజకు తెల్లగా వెళ్లాను. ఫాదరు స్వాములవారి కంటే తెల్లగా. ఆనందించలేకపోయాను.

31 మార్చి, సోమవారం

7.00. కొత్త నియమం: చలి మొదలయ్యే లోపు మిషను తిరగాలి. వైండింగు, ఇనప పెట్టె, ఎంతైనా సరే. బేరం ఆడేది లేదు!

7.20. సొలొమోను ఇంటికి బయలుదేరాను.

8.15. వాడంతట వాడే పది తగ్గించాడు. నేను వాడి గుమ్మంలో అడ్డంగా కూర్చున్నానంతే.