టర్పెంటైన్‌కు పోని చుక్కలు

అమ్మా,

నీ కొడుకు క్షేమమే, కాకపోతే ఒళ్లంతా చుక్కలు. ఆటలమ్మ పోసింది. కార్డు ముట్టుకుంటే అంటుకోదని డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నాకే రాస్తున్నాను.

ఇంటి నుంచి వచ్చిన మర్నాడు చేతుల మీద ఎర్రచుక్కలు కనబడితే, బోర్డు రాసేటప్పుడు చిందిన రంగనుకుని టర్పెంటైన్‌తో రుద్దేశాను. ప్రాణం పోయినంత పనైంది. ఆపైన జ్వరం కూడా తగిలింది, ఎవరికి చూపించుకోవాలో తోచక బజారున పడ్డాను. ఆ జ్వరంలో దుకాణాల బోర్డుల మీది అక్షరాలన్నీ కిందికి దిగి, నా పక్కనే మెల్లగా నడుస్తున్నట్టనిపించింది. ఒక నీలం బోర్డు దగ్గర కాళ్లు వాటంతటవే ఆగాయి. అది నేను రాసిందే, డాక్టరమ్మది.

"మా బోర్డు రాసింది నువ్వే కదూ? గోళ్లు తీసేయ్. గోకావంటే మచ్చలు పడతాయి" అంటూ మాత్రలు, గులాబీరంగు పూతమందు ఇచ్చింది. గోడకైతే రెండు కోటింగులు చాలు, నాకింకా పడుతూనే ఉన్నాయి.

అసలు సంగతి విను. చుక్కలు పైకి తేలకముందే ఇది పక్కవాళ్లకు అంటుకుంటుందట. నీ కోడలికి చిన్నప్పుడు ఇది పోసిందో లేదో వాళ్లమ్మను అడుగు. పోయకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. "కడుపుతో ఉన్న మనిషి, చుక్కలొచ్చేదాకా చూడొద్దని రాయి" అంది డాక్టరమ్మ. అక్కడ నేను కప్పుకున్న దుప్పటి ఉతికించు. నాన్నకు నమస్కారాలు.

మగతలో రోజూ ఒకటే కల. చిన్న బోర్డుకు తెల్లరంగు వేసి, ఆరేదాకా ఊదుతూ కూర్చుంటాను. దాని మీద ఎవరి పేరు రాయాలో ఎవరూ చెప్పరు. తల్లీ, కడుపులో బిడ్డా బాగున్నారని ఒక్క ముక్క రాయి, కలలోనైనా కుంచె అందుకుంటాను.

నీ చుక్కల కొడుకు