బండల దుమ్ము కాదంట

బేతంచెర్ల

తల్లీ శివజ్యోతీ, మీ అమ్మ దుడ్లు చేరాల్సిన చోటికి చేరాయి, నాకు చూపొచ్చింది! ఫోన్ చేయకుండా కావాలనే నా చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే అది చదువు తక్కువై, చూపు తక్కువై కాదు.

గొర్రెలమ్మిన దుడ్లు కష్టంలో ఉన్నవాళ్లకు పెట్టమని మీ అమ్మ సుంకులమ్మ పోయేముందు చెప్పింది కదా. జీపులో వచ్చిన ట్రస్టువాళ్లకు ఇస్తానంటే నువ్వు కేకలేశావు: "నాయనా, ఫ్లెక్సీలు చూసి ఇయ్యొద్దు. పోయి పని చూసి ఇయ్యి." కోపమొచ్చింది గానీ, వాళ్లనే అడిగాను. "యా ఊర్లో ఎవురికి సాయం చేసినారప్పా?" అంటే, "అమ్మ ఫోటో ఎంత సైజు వేయాల పెద్దాయనా?" అన్నారు. పంపించేశాను.

తర్వాత స్టేషన్ దగ్గర వేరేవాళ్లు ఉచిత కంటి శిబిరం పెట్టారు. వీళ్ల పనేమిటో చూద్దామని, కనపడనివాడి మాదిరి తడుముకుంటూ వరుసలో నిలబడ్డాను. స్తుతి అనే నర్సమ్మ నా కంట్లో లైటు వేసింది.

"నటిస్తాండావు కదా పెద్దాయనా?"

"లేదమ్మా, కనపడదు."

"నటన బాగుండాది. కానీ నీకు నిజంగానే కనపడదు. రెండు కండ్లల్లో శుక్లాలుండాయి."

"అది బండల దుమ్ములేమ్మా. పాలిష్ ఫ్యాక్టరీలో చేసినోళ్లందరికీ తెల్లగానే కనపడతాది."

"దుమ్మైతే కడిగితే పోవాల గదప్పా!"

పోయిన ఏడు నీ కూతురు హరిత పరుగెత్తుకొస్తే "ఎవరి పాప నువ్వు?" అన్నాను, బిడ్డ ఏడ్చింది. ఎగతాళి చేశానని మీతో చెప్పాను. ఎగతాళి కాదు తల్లీ.

కర్నూలుకు తీసుకుపోయి ఒక కంటికి ఆపరేషన్ చేశారు. పట్టీ విప్పగానే దుడ్లు తీసి ముందు పెట్టాను. స్తుతి ముట్టలేదు. "సంతోషంలో ఇస్తాండావు. ముందు పోయి విచారించుకో. డోన్‌లో కంబన్నకు మేము చేసినా చూపు రాలేదు. ఆయన్ని కూడా అడుగు" అంది.

పోయి అడిగాను. "రాలేదప్పా, నిజమే. అయినా నన్ను ఇడిసిపెట్టలేదు. ఇప్పటికీ వచ్చి చూస్తారు, కర్రతో నడిచేది నేర్పించినారు" అన్నాడు కంబన్న.

కుదరని పనిని తమంతట తామే చెప్పినవాళ్లు మీ అమ్మ దుడ్లు తింటారా? నిన్ననే ఇచ్చేశాను. రసీదు మీద 'సుంకులమ్మ' అని నా కంటితో నేనే చదువుకున్నాను, శివజ్యోతీ! బస్సులో అందరికీ చదివి వినిపించాను.

అల్లుడు పరమేష్‌కు చెప్పు. మీ అత్తమ్మకు చెప్పు. నంద్యాల మేనత్తకు చెప్పు. తాత ఈసారి దూరం నుంచే గుర్తుపడతాడని హరితకు చెప్పు. మీ శివన్న చిన్నాయనకు మాత్రం గట్టిగా చెప్పు. మొన్న నేను టీ గ్లాసు అందిస్తే పక్కన గాలిని పట్టుకున్నాడు, ఆయనా దుమ్మే అంటున్నాడు.

మీ నాయన,
బొజ్జన్న