అందరికీ ఐదువందలే

గద్వాల, మంగళవారం

కాలేజీలో పిల్లల క్వాంటం ల్యాబు రికార్డులు సర్దుతుంటే అనుమానమొచ్చింది. సున్నాకీ ఒకటికీ సమాన అవకాశమున్న క్యూబిట్‌ను, అంటే క్వాంటం కంప్యూటర్ బిట్టును, వెయ్యిసార్లు కొలిస్తే సున్నా ఐదువందలు, ఒకటి ఐదువందలు వచ్చాయని అందరూ రాశారు. నిజంగా కొలిస్తే అందరికీ అంత కచ్చితంగా సగం రాదు. నేను ఫోన్లో అదే ప్రోగ్రాం ఎన్నోసార్లు నడిపి చూశాను. మంజుల ఒక్కతే 487, 513 అని రాసింది. ల్యాబు సారు దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశాడు.

“ఆ పిల్లదే కరెక్టు గద సార్,” అన్నాను.

“అటెండర్‌వి, కంప్యూటర్లు తుడువు. వీడియోలు చూసి నాకే చెప్తున్నవా?”

ఈయన ఒక్కసారైనా ఆ ప్రోగ్రాం నడిపాడా? నేను నమ్మను.

సాయంత్రం మంజుల వచ్చి, “అన్నా, నేను గూడ ఐదువందలే రాయాల్నా?” అని అడిగింది. నా కాంట్రాక్టు పొడిగింపు మీద ఈ నెలే సారు సంతకం కావాలి.

“రాయమ్మా,” అన్నాను.

సారు తెలియక కొట్టేశాడనుకుందాం. నేను తెలిసి కూడా...