అబ్బా పెట్టిన రాళ్లు

అబ్బాకు మొహసిన్ సలాం. ఫోన్ల నీకు వినబడదని కార్డు రాస్తున్న. యాభై ఏండ్ల కింద పట్నంల నువ్వు గోడలకు రాళ్లు పెట్టిన పదకొండంతస్తుల బిల్డింగు మీదనే ఇప్పుడు నా పని. పోయిన వారం ఒక రాతి పలక ఊడి రోడ్డు మీద పడ్డది. ఎవ్వరికీ తగలలే. ఓనర్లు రాళ్లన్నీ పీకి అద్దాలు పెడతామన్నరు. నేను తాడు కట్టుకొని దిగి ఒక్కో పలకను సుత్తెతోని కొట్టి చూసిన.

"సార్, రాయి గట్టిగనే ఉంది, ఎనక ఇనుప కొక్కేలే తుప్పు పట్టినయి" అని చెప్పిన. ఇంజనీరు ఒప్పుకున్నడు. కొక్కేలు కొత్తయి ఏసి, పలిగిన పన్నెండు రాళ్లు మారిస్తే చాలట, కాని అదే రంగు కావాలె. టేకులపల్లి దిక్కు అప్పట్ల ఏ క్వారీ నుంచి తెచ్చిన్రో చెల్లె గుల్నాజ్‌తోని జల్దీ రాయించు.

అమ్మీ మోకాళ్లు ఎట్లున్నయి? దవాఖానాకు తీస్కపో. అప్పట్ల బిల్డింగు పని అయిపోయినంక నిన్ను గేటు లోపలికి రానియ్యలేదంటివి గద. ఈసారి వచ్చి నిన్ను తోల్కపోత, లిఫ్టుల పైదాంక పోదాం. ఇంట్ల అందరికీ నా దువా.