వరండాలో బోర్ల పరచిన బండ

మండల తహశీల్దారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ కార్యాలయపు వరండాలో, గడప నుండి నాలుగో వరుసలో, ఎడమ నుండి రెండో బండను పెరికి తీసుకొనుటకు అనుమతి కోరుట గురించి.

ఈ అర్జీ రాయకుండానే ఊరకుందామనుకొంటిని. రెండుసార్లు మొదలుపెట్టి, కాగితం మడిచి జేబులో దోపుకొంటిని. నా పేరు తిమ్మయ్య, వయస్సు డెబ్బై నాలుగు. బేతంచెర్లకు ఆరు మైళ్ల దూరంలో బండలకు పాలిష్ పట్టే చిన్న షెడ్డు నాది. బడికి పోలేదు. సమాధిరాళ్ల మీద పేర్లు చెక్కుతూ అక్షరాలు నేర్చినవాణ్ణి. తప్పులుంటే మన్నించవలెను.

1. రిటైర్డు హవల్దారు యేసుప్రసాద్ మా పక్కింటివాడు. పోయిన నెల గుండె ఆగి చనిపోయినాడు. ఇరవై రెండేండ్లు మంచుకొండల్లో సరిహద్దు కాసినాడు. అది రికార్డుల్లో దొరుకుతుంది. దొరకనిది విన్నవించుకొంటాను. ఆయన భార్య విశ్వాసమ్మ గనిలో రాయి మోసేది. ఏటా రెండు నెలల సెలవుకు వచ్చిన మరునాడే ఆమెను ఇంట్లో కూర్చోబెట్టి, ఆమె తట్ట తీసుకొని ఈయన గనికి పోయేవాడు. మేస్త్రీ నవ్వేవాడు.

“ఏమప్పా, మిలిటరీలో కూడు పెట్టలేదా?”

“ఆయమ్మ పది నెలలు మోసినాది. రెండు నెలలు నేను మోస్తే అరిగిపోతానా?”

గనికి పోకముందు కూతురు స్తుతికి జడలు వేసేవాడు. రెండు జడలూ స్కేలు పెట్టి కొలిచినట్టుండేవి. ఆ పిల్ల బడికి పోతుంటే పరేడుకు పోతున్నట్టుండేది. ఆయన బూట్ల సంగతి కూడా చెప్పవలసి ఉంది గాని, అది ఈ అర్జీకి సంబంధించదు.

2. సమాధికి రాయి నేనే చెక్కినాను. హోదా వేయమని పాస్టరు గారన్నారు. విశ్వాసమ్మ ఒప్పలేదు. అందుచేత ‘యేసుప్రసాద్, స్తుతి నాయన’ అని మాత్రమే చెక్కినాను. నిలబెట్టే రాయి గనుక రెండు వైపులా పాలిష్ పట్టి, అక్షరాల అంచులు విరగకుండా మా అలవాటు ప్రకారం బోర్ల పెట్టి, ఆదరణ కూడికకు పోయినాను. అక్కడ అందరూ ఆయన మంచితనం చెప్పుకొంటుండగా, ఇక్కడ నా షెడ్డులో తమ వరండాకు పోవలసిన బండలను హమాలీలు లారీకెత్తినారు. కొలతా అదే, మెరుపూ అదే. ఆయన్ను కూడా ఎత్తినారు. తప్పు నాది.

3. నాకు తెలిసేసరికి సిమెంటు గట్టిపడింది. పాలిష్ పట్టి చెక్కిన వైపు సిమెంటు సరిగ్గా అంటదు, తడితే గుల్లగా పలుకుతుంది. కావున వరండా అంతా మోకాళ్ల మీద పాకుతూ వేలిగణుపుతో తట్టినాను. నాలుగో వరుసలో రెండోది అట్లా పలికింది. జూనియర్ అసిస్టెంటు శివజ్యోతి గారు బయటికి వచ్చినారు.

“ఏంది తాతా, ఆఫీసుకు నాడి చూస్తాండావా?”

సంగతి చెప్పినాను.

“కింద పేరుండాదని రుజువేది?”

“తీస్తే కనపడతాదమ్మా.”

“తీయాలంటే రుజువు కావాల కదా తాతా.”

ఆమెది తప్పనను. నిబంధన అట్లుంది.

4. వేరే రాయి చెక్కుతానంటే విశ్వాసమ్మ వినలేదు. “ఆడ ఆయప్ప పేరు మీద జనాలు నడుస్తాంటే, ఈడ కొత్త రాయి పెట్టుకొని ఏం ప్రార్థన చేస్తామన్నా?” అన్నది. ఆమె ఇంతవరకు ఏడ్వలేదు. దినమూ వచ్చి తమ వరండాలో కూర్చుంటుంది. ఏం పనమ్మా అని అడిగితే, “మా ఇంటాయప్ప ఈడుండాడు” అంటుంది. ఏదో సర్టిఫికెట్టు కోసం లోపలికి వచ్చినాడేమోనని తమ సిబ్బంది రెండు గదులు వెదికినారు.

5. ఈ నెల ఆఖరి ఆదివారం సమాధి దగ్గర ప్రార్థన. స్తుతి రాయచోటిలో నర్సు, సెలవు పెట్టి వస్తున్నది. రాయి సంగతి ఆ పిల్లకు చెప్పలేదు. ఎవరు చెప్పాలో తేలలేదు. ఆలోగా ఒక్క పూట అనుమతి ఇప్పించినచో, నేనే ఉలితో అంచులు విడిపించి ఆ బండ తీసుకొని, అదే కొలత బండ పరచి, వరండా కడిగి పోగలవాడను. కింద పేరు లేనియెడల తమరు ఏం చేసినా సరే.

ఇంతకు మించి విన్నవించుటకు ఏమీ లేదు. దయతో చిత్తమునకు తెచ్చుకొనగలరు.

తమ అనుమతికై కాచుకొన్న విధేయుడు,
తిమ్మయ్య

తా.క.: ఇది తెచ్చేసరికి తమరు మీటింగుకు పోయినారు. విశ్వాసమ్మా నేనూ వరండాలో బెంచీ మీద కూర్చున్నాము. అటెండరు చిన్న ఈరన్న బకెట్టు తెచ్చి, “కాళ్లు పైకెత్తుకోండప్పా” అన్నాడు. ఎత్తుకొన్నాము. అతడు వరుసగా తుడుచుకొంటూ వచ్చి, ఆ బండ కూడా తుడిచి, లోపలికి పోయినాడు.