సాంచాల మోతలో పద్మ మాట

8 నవంబర్, శనివారం

గురువారం పొద్దున ఎప్పటిలాంటిదే. నాలుగున్నరకు లేచాను. ఒక కీర్తన చదివి, మోకాళ్ల మీద కాసేపు ఉన్నాను. టీ. డబ్బాలో అన్నం, సీసాలో పచ్చిపులుసు. ఆరింటికల్లా సిరిసిల్లలో మా మరమగ్గాల షెడ్డు ముందున్నాను. ఇరవై రెండేళ్లు నూలు కండెలు చుట్టిన చోటు. పని మానేసి, యాభై నాలుగేళ్లకు యూనివర్సిటీ వీడియో జర్నలిజం డిప్లొమాలో చేరాను. వాచ్‌మన్ పోచయ్య ఆపలేదు. ఏం పెద్దక్కా, మల్ల పనికా, సినిమాకా అని నవ్వాడు. ఆడవాళ్లు కొప్పులు బిగించి, కొంగులు దోపుకున్నారు. మోటార్లు ఆన్. సాంచాలు నడవడం మొదలైతే పక్కమనిషి అరిచినా వినపడదు.

అసైన్‌మెంట్: మూడు నిమిషాలు, ఒక మనిషి, ఒక పని. పద్మను ఎంచుకున్నాను. ఆమె కుడిచేతికి రెండు వేళ్లు లేవు. వీడియో తీయడానికి నేను ఫోన్ ఎత్తగానే, అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. వేళ్లు పోయింది గీ మిషన్ కాడనే అని. బెల్టుకు మూత పెట్టుండ్రని ఆరు నెలలు మొత్తుకున్న అని. బాత్రూంల జారివడ్డదని మేస్త్రీ కాయితం రాసిచ్చిండని. ఆ కాయితం వల్లే ఆమెకు పరిహారం రాలేదు.

మేస్త్రీ నరేందర్. నా తమ్ముడు. నేను పెంచినవాడు.

ఈరోజు జగిత్యాలలో క్లాసు. నా వీడియో తెర మీద వేశారు. నాకు ప్రతి మాటా వినపడింది. క్లాసంతా నవ్వింది. వైష్ణవికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు, ఆంటీ, డైలాగ్ ఏది, అంత రైస్ మిల్లు మోతే ఉన్నదిగా అంది. అప్పుడు తెలిసింది. నేను విన్నది కాదు, చూసింది. షెడ్డులో పెదాలు చూసే మాట్లాడుకుంటాం. ఎడిటింగ్‌లో పదిసార్లు చూసినా మాట వినపడడం లేదని నాకు తోచనే లేదు.

క్లాసు చెప్పే సాకేత్ రావు సార్ నిశ్శబ్దంగా ఉన్నచోట మళ్లీ తీయమన్నారు. 23 రాత్రి ఎనిమిదిలోపు పంపాలి. నెలాఖరు ప్రదర్శనకు లేబర్ ఆఫీసు వాళ్లను కూడా పిలిచారట.

9 నవంబర్

చర్చిలో పాస్టర్ ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తు లేదు.

11 నవంబర్, మంగళవారం

పద్మ ఇంటికి వెళ్లాను. ఫ్యాన్ ఆపాం. మైక్ కొంగుకు పెట్టాను. పద్మ నోరు తెరవలేదు. అరగంట.

చివరికి చెప్పింది. పెద్దక్కా, షెడ్డుల ఎవనికి వినవడది, గందుకే నోరు లేస్తది, గీడ గిన్నె వడ్డా పక్కింటోళ్లకు తెలుస్తది అని.

అయితే షెడ్డులో తీసిందే ఉంచి, మాటలు కింద అక్షరాల్లో వేయనా అని అడిగాను. నీ పని పోవచ్చు అని కూడా చెప్పాను. చేతిని చూసుకుంది. రాయి అంది. పని పోతే బీడీలు చేసుకుంట. నా పేరు వెట్టు. మేస్త్రీ పేరు గూడ వెట్టు, సగమే రాస్తే నీది గూడ గాయినె కాయితం లెక్కనే అయితది అంది.

తమ్ముడని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. పెడతానన్నాను.

15 నవంబర్, శనివారం

సార్ ఒప్పుకోలేదు. ఆమె అదే అన్నదని గ్యారంటీ ఏంది అన్నారు. గాజు తలుపు అవతలికి వెళ్లి ఏదైనా మాట్లాడమన్నాను. మాట్లాడారు. కాగితం మీద రాసి చూపించాను: గీ వయసుల గింత మొండితనం ఏంది ఈమెకు.

సార్ చెవులు ఎర్రబడ్డాయి. వైష్ణవి చప్పట్లు కొట్టింది. ఒప్పుకున్నారు.

18 నవంబర్

నరేందర్‌కు ఎవరో వీడియో సంగతి చెప్పారు. ఫోన్‌లో అరిచాడు. ఆదివారం కోరుట్లలో చెల్లె వందన ఇంట్లో అందరం కూర్చోవాలట. సరే అన్నాను.

20 నవంబర్

ఉపవాసం. రాసేదేమీ లేదు.

23 నవంబర్, ఆదివారం, సాయంత్రం 5

వందన ఇల్లు. వీడియో చూపించమన్నారు. అక్షరాలు వేయని కాపీ చూపించాను. వందన భర్త జాన్, గిదేంది వదినా, మోత తప్ప ఏం లేదు, గింతదానికేనా లొల్లి అని నవ్వాడు.

నరేందర్ నవ్వలేదు. మూడు నిమిషాలూ పద్మ నోటినే చూశాడు. వాడికి అక్షరాలతో పని లేదు.

తర్వాత లేచాడు. అక్కా, సాది పెద్దజేసింది నువ్వే, ముంచేది గూడ నువ్వేనా అన్నాడు. షెడ్డు సేటు రాయుమన్నడు, రాసిన, లేకుంటే నా నౌకరి పోతుండె అన్నాడు. పద్మకు వేళ్లు పోయినయి కదా అన్నాను. ఆమె పరాయిదక్కా, వీడు మనోడు అంది వందన. నేను వాణ్ణి పెంచేటప్పుడు అబద్ధం రాయమని చెప్పలేదు అన్నాను. ఆ తర్వాత వాళ్లే రెండు గంటలు మాట్లాడారు.

అదే రోజు, 7:40

ఇంట్లో నిర్ణయం అయింది. వీడియో పంపకూడదు. ఫోన్‌లోంచి కూడా తీసేయాలి. దాని బదులు వందన బీడీలు చుట్టేది తీసి ఇవ్వాలి. నన్నెవరూ అడగలేదు. పెద్దదాన్ని కాబట్టి ప్రార్థనతో ముగించమన్నారు.

చేశాను. పద్మ చెప్పిన మాటలే, మొదటి నుంచి చివరిదాకా, పైకి చదివి దేవునికి అప్పజెప్పాను. బెల్టు, వేళ్లు, కాయితం, రాసినవాడి పేరు. ప్రార్థనకు మధ్యలో ఎవరూ అడ్డురారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఒళ్లో ఫోన్; సార్‌కు పంపాల్సింది అక్షరాలు వేసిన కాపీ, చూసి నొక్కాను.

ఆమెన్ అన్నారు. నరేందర్ కూడా.